ముందు వడ్డీ తగ్గించండి, పని గంటల సంగతి తర్వాత చూద్దాం

మీరు పంపిన వివరాలను ముందుగా ఒకచోట చేర్చి రాస్తున్నాను. లెక్కలో ఎక్కడైనా తేడా ఉంటే మీకే కనబడుతుంది. తెనాలిలో అద్దె ఇంట్లో మీరు, మీ భర్త, అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉంటున్నారు. ఆయన జీతం 22,000. మీరు ఒక ఆడిటర్ ఆఫీసులో ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు పనిచేసి 8,000 తెచ్చుకుంటున్నారు. బాబు యూకేజీ చదువుతున్నాడు, పాపకు రెండేళ్లు నిండాయి. ఆడపడుచు పెళ్లికి, ఆ తర్వాత చనిపోయిన మామగారి వైద్యానికి చేసిన అప్పులు ఇలా మిగిలాయి: మామగారు, మీ భర్త కలిసి సంతకం పెట్టిన ప్రామిసరీ నోటు మీద 2,00,000, నూటికి మూడు రూపాయల వడ్డీ, మామగారు ఒక్కరే సంతకం పెట్టిన మరో నోటు 50,000, ప్రైవేటు గోల్డ్ లోన్ కంపెనీలో మీ 32 గ్రాముల నగల మీద 1,20,000, ఏడాదికి 22 శాతం, మైక్రోఫైనాన్స్‌లో 46,000, నెలకు 2,900 కిస్తీ, డ్వాక్రా గ్రూపులో 60,000, నెలకు 3,000, మీ అక్క దగ్గర వడ్డీ లేని చేబదులు 80,000. ఇవి కాక నెలకు 2,000 చొప్పున ఒక చీటీ నడుస్తోంది. మోకాళ్ల నొప్పులతో పాపను పట్టుకోవడం ఇక తన వల్ల కాదని అత్తగారు చెప్పేశారు. గుంటూరులో 14,000 జీతంతో పూర్తి రోజు ఉద్యోగం వచ్చింది, చేరాలా, లేక ఉన్న పని కూడా మానేసి పాపను చూసుకోవాలా, లేక ఎక్కడైనా ఒక పెద్ద అప్పు తెచ్చి ఇవన్నీ ఒకేసారి తీర్చేయాలా అని మీరు అడిగారు.

ప్రస్తుతానికి ఈ మూడింటిలో ఏదీ వద్దన్నదే నా సలహా. నేను బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ ఎక్కువ కాలం చిన్న ఊళ్ల శాఖల్లోనే ఉన్నాను. నగల మీద అప్పు కోసం, గ్రూపు అప్పు కోసం వచ్చే ఆడవాళ్ల లెక్కలు చూడటమే నా రోజువారీ పనిగా ఉండేది. అప్పు మీద పడగానే ఇంకో నాలుగు గంటలు ఎక్కడ పనిచేయాలా అని ఆలోచించే ఇల్లాలే ఎక్కువగా కనిపించేది. ఉన్న అప్పు వడ్డీని ఎలా తగ్గించుకోవాలా అని అడిగేవారు అరుదు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. అదనంగా సంపాదించే ప్రతి రూపాయికీ ఆ సమయంలో పిల్లను ఎవరో ఒకరు చూసుకోవాలి, వారికి డబ్బో మొహమాటమో చెల్లించాలి. తగ్గించుకున్న వడ్డీకి ఆ బెడద లేదు.

మీ నెల లెక్కనే చూడండి. మూడు రూపాయల నోటుకు 6,000, నగల అప్పు వడ్డీ 2,200, మైక్రోఫైనాన్స్ 2,900, డ్వాక్రా 3,000 కలిపి 14,100 పోతోంది. ఇందులో మొదటి రెండూ కలిపిన 8,200 కేవలం వడ్డీ. ఎన్నేళ్లు కట్టినా ఆ రెండు అప్పుల అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. మీరు పాపను వదిలి ఆఫీసులో సంపాదిస్తున్న 8,000 అక్షరాలా ఆ వడ్డీకే సరిపోతోంది, ఇంకా 200 తక్కువ పడుతోంది. మీకు అలసట తప్ప అప్పు తగ్గుతున్న జాడ కనిపించకపోవడానికి కారణం ఇదే. మీ కష్టంలో లోపమేమీ లేదు.

ఇప్పుడు గుంటూరు ఉద్యోగం సంగతి చూద్దాం. పైకి చూస్తే 8,000 స్థానంలో 14,000 వస్తుంది, అంటే 6,000 ఎక్కువ. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి బస్సు ఖర్చు లేదని మీరు రాసింది నిజమే. అయితే బస్సు ఉచితమైనా ప్రయాణ సమయం ఉచితం కాదు. ఇంటి నుంచి బస్టాండుకు, అక్కడి నుంచి ఆఫీసుకు, మళ్లీ వెనక్కి కలిపి రోజుకు రెండున్నర గంటలు పడుతుందని మీరే చెప్పారు. తొమ్మిది గంటల డ్యూటీతో కలిపితే పదకొండున్నర గంటలు. నెలకు 25 రోజులు లెక్కవేస్తే గంటకు 49 రూపాయలు కూడా రావు. ఇప్పుడు తెనాలిలో మీకు గంటకు 80 వస్తోంది. పైగా పాపను పూర్తి రోజు క్రెష్‌లో, అంటే పగలు పిల్లలను చూసుకునే చోట, ఉంచడానికి మీరు కనుక్కున్న ధర 4,500. బాబు మూడున్నరకు బడి నుంచి వస్తాడు, సాయంత్రం ఏడు దాకా వాడిని ఎవరు చూడాలి అన్నదానికి మీ ఉత్తరంలో జవాబు లేదు. ఆటో ఖర్చు, పిల్లలకు జ్వరం వచ్చిన రోజుల్లో పోయే జీతం కలిపితే ఆ 6,000లో మిగిలేది దాదాపు సున్నా. పాపకు మూడేళ్లు నిండి అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్యకు వెళ్లే వయసు వచ్చాక, లేదా తెనాలిలోనే పూర్తి రోజు ఉద్యోగం దొరికాక ఈ లెక్క మారుతుంది. అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు. ఒకవేళ గుంటూరు కంపెనీలో 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులు ఉంటే ఒక మాట అడగండి. అలాంటి సంస్థలు పిల్లల కోసం క్రెష్ ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి చూసుకునే వీలు ఇవ్వాలని ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 2017 సవరణతో చేర్చారు. అక్కడ ఆ సదుపాయం నిజంగా ఉందని తేలితే తప్ప ఆ ఉద్యోగం గురించి ఇప్పుడు ఆలోచించవద్దు.

పని మానేయడం కూడా సరికాదు. మీ 8,000 పోతే మరుసటి నెలే వడ్డీకి కొత్త అప్పు చేయాల్సి వస్తుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, ఆడిటర్ దగ్గర మీరు నేర్చుకుంటున్న ట్యాలీ (కంప్యూటర్‌లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ పని రెండేళ్లు ఆపితే మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నట్టే అవుతుంది. ఇక మూడో ఆలోచన, అన్నీ కలిపి ఒకే పెద్ద అప్పు చేయడం, మూడింటిలోకీ ప్రమాదకరమైనది. మీ అక్క ఇచ్చిన 80,000కు వడ్డీ లేదు, డ్వాక్రా అప్పుకు నెలకు నూటికి రూపాయి వడ్డీ కూడా పడదు. ఈ రెండింటినీ తీర్చడానికి పర్సనల్ లోన్ తీసుకోవడమంటే చౌక అప్పును ఖరీదైన అప్పుగా మార్చుకోవడమే. ఫోన్‌లో పది నిమిషాల్లో డబ్బు ఇస్తామనే యాప్‌ల సంగతి అసలు తలపెట్టవద్దు.

ఇప్పుడు చేయవలసినదానికి వస్తాను. మొదటి పని నగల అప్పును ప్రైవేటు కంపెనీ నుంచి బ్యాంకుకు మార్చడం. రెండేళ్ల క్రితం మీరు తాకట్టు పెట్టిన నాటికీ ఇప్పటికీ బంగారం ధర ఎంతో పెరిగింది. ఇరవై రెండు క్యారెట్ల బంగారం గ్రాము 9,000 అని బాగా తక్కువగా లెక్క వేసినా, రాళ్లు తీసేసిన మీ 32 గ్రాముల విలువ 2,88,000 అవుతుంది. బ్యాంకులు చాలాకాలంగా విలువలో 75 శాతం వరకు అప్పు ఇస్తున్నాయి. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు ప్రకటించి, 2.5 లక్షల లోపు అప్పులకు ఆ పరిమితిని 85 శాతానికి పెంచింది. వాటి అమలుకు 2026 ఏప్రిల్ 1 గడువు. అయినా మీరు ఆ అంచు దాకా వెళ్లవద్దు. ధర కాస్త పడితే కొంత డబ్బు కట్టమని బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. 75 శాతం అంటే 2,16,000. మీరు 2,10,000 దగ్గర ఆగండి. అందులో 1,20,000తో కంపెనీ అప్పు తీరుతుంది. మిగిలిన 90,000 ఒక్క రూపాయి కూడా ఇంటికి రాకుండా నేరుగా మూడు రూపాయల నోటుకు వెళ్లాలి. అలా వెళ్లకపోతే ఈ పథకం మొత్తం మీకు హాని చేస్తుంది, ఎందుకంటే నగల మీద అప్పు పెరిగి నోటు మీద అప్పు అలాగే ఉండిపోతుంది.

బ్యాంకు వడ్డీ పది శాతం అనుకుంటే 2,10,000కు నెలకు 1,750 అవుతుంది. నోటు మీద అసలు 1,10,000కు తగ్గుతుంది కాబట్టి మూడు రూపాయల లెక్కన 3,300. రెండూ కలిపి 5,050. ఇప్పుడు కడుతున్న 8,200తో పోలిస్తే నెలకు 3,150 మిగులుతుంది. మీరు అదనంగా ఒక్క గంట కూడా పనిచేయకుండానే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నగలు కంపెనీ లాకర్‌లో ఉండగా బ్యాంకు అప్పు ఇవ్వదు, బ్యాంకు అప్పు ఇవ్వనిదే మీరు నగలు విడిపించలేరు. కొన్ని బ్యాంకులు తమ మనిషిని పంపి అప్పు తీర్చి నగలు తెచ్చుకునే ఏర్పాటు చేస్తాయి. మీ శాఖలో ముందు అది అడగండి. కుదరకపోతే మీ తాకట్టు రసీదు తీసి చూడండి. నగలన్నీ ఒకే అప్పు కింద ఉన్నాయా, గొలుసుకు ఒకటి, గాజులకు ఒకటి అని విడివిడిగా ఉన్నాయా? విడిగా ఉంటే చిన్న అప్పు ముందు తీర్చి ఆ నగను బ్యాంకులో పెట్టి, వచ్చిన డబ్బుతో తర్వాతిది విడిపిస్తూ ఒక వారంలో పూర్తి చేయవచ్చు. ఒకే అప్పుగా ఉంటే ఒక్క రోజుకు 1,20,000 సర్దగల దగ్గరి బంధువు కావాలి. ఆ మనిషిని వెంట తీసుకుని రెండు చోట్లకూ కలిసి వెళ్లండి, సాయంత్రానికి డబ్బు తిరిగి ఇచ్చేయండి. కంపెనీ గుమ్మం దగ్గర నిలబడి 'మేము విడిపించి ఇస్తాం' అనే దళారులను మాత్రం నమ్మవద్దు. బ్యాంకులో పెట్టేటప్పుడు కూడా నగలను రెండు మూడు అప్పులుగా విడగొట్టి పెట్టమని అడగండి. రేపు 50,000 చేతిలోకి వస్తే ఒక గొలుసైనా ఇంటికి వస్తుంది. నగల విలువ కట్టే అప్రైజర్ తూకం వేసేటప్పుడు మీరు ఎదురుగా ఉండాలి. రాళ్లకు, మైనానికి ఎంత తీసేశారో రసీదు మీద రాయించుకోండి. మరో జాగ్రత్త: ఇంటి ఖర్చుల కోసం తీసుకునే నగల అప్పులో అసలు, వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే పద్ధతికి గడువు సాధారణంగా పన్నెండు నెలలు. ఆ వడ్డీని ఏడాది చివరి దాకా ఆపకుండా నెలనెలా కట్టేయండి. సంవత్సరాంతంలో ఒకేసారి 21,000 తేవడం మీ ఇంటి పరిస్థితిలో జరిగే పని కాదు.

రెండో పని చీటీ. ఇరవై నెలల చీటీలో ఎనిమిది నెలలు కట్టారు, చివరి దాకా ఉంచితే 40,000 వస్తుంది, అది పాప పేరు మీద వేయాలని అన్నారు. మంచి ఆలోచనే కానీ, ఒకవైపు ఏడాదికి 36 శాతం వడ్డీ కడుతూ మరోవైపు చీటీలో పొదుపు చేయడం వల్ల లాభపడేది మీకు అప్పిచ్చిన ఆసామి ఒక్కడే. వచ్చే నెలే పాడుకోండి. 5,000 తోసి పాడినా చేతికి 35,000 వస్తుంది. అది నోటుకు కడితే నెలకు 1,050 వడ్డీ తగ్గుతుంది, మిగిలిన పన్నెండు నెలల్లో 12,600 అవుతుంది. పోయేది 5,000, దానిలోనూ కొంత డివిడెండుగా తిరిగి మీకే వస్తుంది. నోటు అసలు ఇప్పుడు 75,000కు దిగుతుంది, దాని వడ్డీ 2,250. బ్యాంకు వడ్డీతో కలిపి 4,000. అంటే 8,200 సగానికి పైగా తగ్గింది.

మూడో పని ఈ నోటు వ్యవహారాన్ని కాగితం మీద సరిచేసుకోవడం. దీని గురించి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. మధ్యలో బాకీ కింద కొంత కట్టి సంతకంతో రాస్తే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. అందుకే మూడేళ్లు దగ్గరపడగానే అప్పిచ్చినాయన నోటు తిరగరాయమని అడుగుతారు. తిరగరాసేటప్పుడు బాకీపడ్డ వడ్డీని అసలులో కలిపి రాయించుకోవడం వారికి అలవాటు. 90,000 పట్టుకుని వెళ్లిన రోజునే, చేతిలో డబ్బు ఉండగానే, మీ భర్త రెండు విషయాలు మాట్లాడాలి. ఇచ్చిన మొత్తాన్ని నోటు వెనుక తేదీతో చెల్లు వేసి సంతకం పెట్టించుకోవాలి. దాన్ని అక్కడే ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. మిగిలిన అసలుకు వడ్డీ రెండు రూపాయలు చేయమని అడగాలి. సగం అసలు ఒకేసారి చేతిలో పడుతున్నప్పుడు ఒప్పుకునేవారిని నేను చాలామందిని చూశాను. డబ్బు ఇచ్చేసి ఇంటికి వచ్చాక ఫోన్ చేసి అడిగితే ఎవరూ ఒప్పుకోరు. కొత్త నోటు రాయక తప్పకపోతే పాత నోటు చేతికి వచ్చాకే రాయాలి, అంకెలు వేయని ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. నెలనెలా కట్టే వడ్డీని కూడా నగదుగా కాకుండా ఫోన్‌పే ద్వారా పంపితే అదే రసీదు అవుతుంది.

మామగారు ఒక్కరే సంతకం పెట్టిన 50,000 నోటు సంగతి వేరు. చనిపోయినవారి అప్పుకు వారసుల బాధ్యత, ఆయన నుంచి వారికి వచ్చిన ఆస్తి మేరకే ఉంటుంది. తండ్రి అప్పు కొడుకు తీర్చి తీరాలనే పాత ధర్మసూత్రాన్ని బట్టి కోర్టు కొడుకు మీద చర్య తీసుకునే వీలును 2005లో హిందూ వారసత్వ చట్ట సవరణ తీసేసింది. ఊళ్లో ఉన్న మామగారి అర ఎకరం మీ భర్తకు, ఆయన అన్నగారికి, మీ ఆడపడుచుకు, అత్తగారికి కూడా వాటా ఉన్న ఆస్తి. కాబట్టి ఆ 50,000 భారం ఆ వాటాల మీద పడాలి గానీ, మీ భర్త జీతం మీద కాదు. తీర్చవద్దని నేను అనడం లేదు. ఇచ్చినాయన కష్టకాలంలో ఇచ్చారు, ఇవ్వవలసిందే. అయితే 'నాన్నగారి నోటు పాతదైంది, నీ పేరు మీద కొత్తది రాయి' అన్నప్పుడు సరేనని సంతకం పెట్టిన క్షణం నుంచి అది పూర్తిగా మీ భర్త సొంత అప్పు అవుతుంది. ఆ సంతకం పెట్టకముందే మీ బావగారితో కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ మాట మీరు ఎత్తితే తోడికోడళ్ల మధ్య గొడవగా మారే ప్రమాదం ఉంది. అత్తగారి ఎదుట మీ భర్తే ఎత్తడం మంచిది.

మైక్రోఫైనాన్స్ అప్పును గడువు ప్రకారం కడుతూ పోండి, ఇరవై నెలల్లోపు అదే తీరిపోతుంది. ముందుగా తీర్చితే అపరాధ రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లో ఉంది. వసూలుకు వచ్చేవారు ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయకూడదని కూడా ఉంది. రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడుతున్నారని రాశారు కదా, ఆ నిబంధన పేరు చెప్పి, మాట్లాడిన వ్యక్తి పేరు, సమయం కాగితం మీద రాసుకోండి. సంస్థ ఫిర్యాదుల నంబరు మీ లోన్ కార్డు మీదే ఉంటుంది. వారు ఉన్న అప్పు మీద మరికొంత అప్పు (టాప్‌అప్) ఇస్తామంటే మాత్రం వద్దనండి. డ్వాక్రా కిస్తీ ఒక్కనెల కూడా తప్పకూడదు, సకాలంలో కట్టిన గ్రూపులకే వడ్డీ రాయితీలు వర్తిస్తాయి, గ్రూపులో మీ మాటకు విలువ ఉంటుంది. మీ గ్రూపు పొదుపులోంచి సభ్యులకు రూపాయి వడ్డీకి ఇచ్చే అంతర్గత అప్పు 20,000 దొరికితే అది కూడా మూడు రూపాయల నోటుకే కట్టండి. మీ అక్కకు ఇప్పుడు 80,000 ఇవ్వలేకపోయినా నెలకు 500 చొప్పున తప్పకుండా పంపండి. అక్కకు ఆ డబ్బు అవసరం ఉండకపోవచ్చు, కానీ మీరు మరచిపోలేదని అక్క భర్తకు కూడా తెలుస్తుంది.

ఇప్పుడు పాప సంగతి. పూర్తి రోజు క్రెష్ మీకు అక్కరలేదు. నాలుగున్నర గంటల కోసం నెలకు 2,000 ఇస్తే చూస్తానన్న వీధిలోని ఆవిడ గురించి రాశారు. వడ్డీలో మిగిలిన 4,200 నుంచి ఆ 2,000 ఇవ్వండి. ఇది దుబారా అని మీ భర్త అనవచ్చు. మీ 8,000 నిలబడి ఉన్నది ఆ 2,000 మీదనే అని ఆయనకు చెప్పండి. మొదటి రెండు వారాలు అత్తగారు కూడా అక్కడే ఉదయం ఒక గంట కూర్చుంటే పాప అలవాటు పడుతుంది, ఆవిడ ఎలా చూస్తున్నదీ తెలుస్తుంది. తాగే నీళ్లు, అన్నం డబ్బా మీ ఇంటి నుంచే పంపండి. ఆవిడ ఊరెళ్లిన రోజు ఏమిటన్నది కూడా ముందే అనుకోండి: ఆ రోజుకు అత్తగారు, అదీ కుదరకపోతే మీరు ఇంటి నుంచి చేసే పని అని ఆడిటర్ గారితో ఒప్పందం చేసుకోండి. కేంద్ర ప్రభుత్వం పాల్నా పథకం కింద కొన్ని అంగన్‌వాడీలను ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం క్రెష్‌లుగా నడుపుతోంది. మీ వార్డు అంగన్‌వాడీ టీచరును ఒకసారి అడిగి చూడండి. దగ్గరలో ఉంటే ఆ 2,000 కూడా మిగులుతుంది.

అదనపు సంపాదన కావాలంటే గుంటూరు వెళ్లనవసరం లేదు. మీ చేతిలో ఉన్న పని విలువ మీరు తక్కువగా అంచనా వేసుకుంటున్నారు. జీఎస్టీ లెక్కల్లో అమ్మకాల రిటర్న్‌కు నెలవారీ పద్ధతిలో గడువు 11వ తేదీ, పన్ను కట్టే రిటర్న్‌కు 20వ తేదీ. చిన్న కిరాణా, హార్డ్‌వేర్ షాపుల వాళ్లు బిల్లులు సంచిలో వేసుకుని తొమ్మిదో తేదీ దాకా ఆగి, ఆడిటర్ ఆఫీసు మీద పడతారు. ఆ బిల్లులను వారానికోసారి తెచ్చుకుని ఇంట్లో ట్యాలీలో ఎక్కించి ఇస్తే ఒక్కో షాపు నుంచి నెలకు 1,500 అడగడం న్యాయమైన ధరే. రెండు షాపులు చాలు. ఇందుకు ముందుగా మీ ఆడిటర్ గారి అనుమతి తీసుకోండి. ఆయనకు తెలియకుండా ఆయన ఖాతాదారుల పని చేస్తే ఉన్న ఉద్యోగం పోతుంది. చెప్పి చేస్తే ఆయనే ఇద్దరిని పంపుతారు. పాప మధ్యాహ్నం పడుకునే గంటన్నర ఈ పనికి వాడుకోండి, ఆదివారం ఉదయం మూడు గంటలు పిల్లలిద్దరినీ మీ భర్త పార్కుకో వాళ్ల అత్తయ్య ఇంటికో తీసుకువెళ్లాలి. ఆయన ఆ మూడు గంటలు ఇవ్వకపోతే రెండో షాపు ఒప్పుకోవద్దు. రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో ఎక్కించిన బిల్లుల తప్పులు సరిదిద్దడానికి రెట్టింపు సమయం పడుతుంది. ఇంటి నుంచే డేటా ఎంట్రీ పని ఇస్తాం, ముందు 2,000 రిజిస్ట్రేషన్ కట్టండి అనేవారు మోసగాళ్లు. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు.

ఇవన్నీ కలిపి చూస్తే: మిగిలిన 4,200లో పాపకు 2,000 పోగా 2,200, దానికి నోటు వడ్డీ 2,250 కలిపి నెలకు 4,450 ఆ నోటుకే కడుతూ పోతే మూడు రూపాయల వడ్డీతోనే రెండేళ్లలోపు 75,000 పూర్తిగా తీరుతుంది. షాపుల పని 3,000 తోడైతే ఏడాదికి కాస్త అటూ ఇటూగా తీరుతుంది. ఏడాది తర్వాత చీటీ కట్టాల్సిన 2,000 కూడా చేతిలో మిగులుతుంది. అక్కకు పంపే 500 మాత్రం షాపుల డబ్బు వచ్చేదాకా ఇంటి ఖర్చులోంచే తీయవలసి ఉంటుంది. ఈ మధ్యలో ఎవరి పెళ్లి వచ్చినా చదివింపులు మీ స్థాయికి మించి రాయకండి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు.

ఒక్క ఖర్చు మాత్రం పెంచుకోమంటాను. మీ భర్త బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 436 రూపాయలతో రెండు లక్షల జీవన జ్యోతి బీమా, 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా తీసుకోవచ్చు. మీ పేరు మీద కూడా తీసుకోండి. ఇద్దరి జీతం మీద నడుస్తున్న అప్పుల ఇంట్లో ఏడాదికి 912 రూపాయలకు ఇంతకంటే పనికొచ్చేది లేదు. మే నెలాఖరులో ప్రీమియం ఖాతా నుంచి దానంతట అదే కట్ అవుతుంది, ఆ వారం ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోండి.

సోమవారం ఆఫీసుకు ఒక గంట ఆలస్యంగా వస్తానని ఆడిటర్ గారికి ముందే చెప్పి, ఆధార్, పాన్, కంపెనీ తాకట్టు రసీదు నకలు తీసుకుని మీ ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లండి. నగల అప్పుకు ఈ రోజు వడ్డీ ఎంత, ప్రాసెసింగ్, అప్రైజర్ ఛార్జీలు ఎంత, వేరే చోట ఉన్న నగల అప్పును తీసుకుంటారా అనే మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకుని రండి. వారు చెప్పిన వడ్డీ పది శాతానికి బదులు పన్నెండు అయితే నెల లెక్క 350 రూపాయలు మారుతుంది, మిగతాదంతా ఇలాగే ఉంటుంది. కంపెనీలో తీర్చవలసిన మొత్తం ఎంతో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఆ అంకె 1,20,000 కంటే పెరిగి ఉంటే నోటుకు కట్టే 90,000లో అంత తగ్గించి లెక్క వేసుకోండి, బ్యాంకు అప్పు మాత్రం పెంచకండి.